యాభై మూడో రోజు

వెంకటేశం అద్దాల తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి చూశాడు. రెండు కళ్లకూ రవ్వ చేప కనిపించింది. తోక కొస తెగిన ఆ చేప తొట్టి అడుగున నిమ్మళంగా తిరుగుతూ, అతను చల్లిన తవుడు రేణువులను ఒక్కొక్కటే నోట్లోకి లాక్కుంటోంది. అతను జేబులోంచి నాలుగు మడతల క్యాలెండర్ కాగితం తీసి, పొట్టి పెన్సిల్ నాలుకకు అద్ది, ఆ రోజు అంకె చుట్టూ సున్నా చుట్టాడు. మొదటి సున్నా దగ్గర్నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. యాభై మూడు.

ఒక్కో కంటితో విడివిడిగా చూడటం రెండేళ్ల కింద పట్టుకున్న అలవాటు. అప్పుడు కుడి కంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన మర్నాడు వాకిట్లో నిలబడి చూస్తే ఆకాశం ఒక కంటికి నీలంగా, ఇంకో కంటికి పాత ధోవతి రంగులో కనిపించింది. ముసలివాళ్లెవరైనా ఆపరేషన్ అయ్యాక బస్సు బోర్డు కనబడుతోందని సంతోషిస్తారు. ఇతను మాత్రం పదేళ్లుగా లోకాన్ని తప్పు రంగులో చూస్తున్నానని తెలిసి, ఆ సంగతే ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పి ప్రాణం తీశాడు. రెండో కంటికి ఆపరేషన్ వద్దన్నాడు. రెండూ బాగైపోతే ఇక తేడా ఎట్లా తెలుస్తుందని అతని వాదం. భార్య కౌసల్యమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ తొట్టి ఉన్నది బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో, వెనక గోడ దగ్గర. కంపెనీ మురికి నీళ్లను శుభ్రం చేసే ప్లాంటు అక్కడే. పాత్రలు కడిగిన నీళ్లు ముందు పెద్ద గుంతలోకి వస్తాయి. సున్నం కలుస్తుంది. గాలి కొట్టే తొట్టిలో రెండు రోజులు పొర్లుతాయి. బురద దిగాక చివరి సంపులో చేరతాయి. ఆ సంపు పక్కన అద్దాల తొట్టి, తొట్టి మీద బోర్డు: శుద్ధి చేసిన నీటిలో జీవిస్తున్న చేపలు. సంపులోంచి సన్నని ధార ఒకటి ఎప్పుడూ తొట్టిలో పడుతూ ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు బోర్డూ చేపా ఒకే ఫొటోలో పడేటట్టు తీసుకుని, టీ తాగి వెళతారు.

వెంకటేశానిది గుమ్మడిదల దగ్గరి పల్లె. నలభై ఏళ్లు దాటకముందే పొలం కంపెనీలకు అమ్ముడుపోతే, కొన్నవాళ్ల దగ్గరే డ్రమ్ములు దొర్లించే పనికి కుదిరాడు. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా చొక్కా రంగు మారింది గానీ పని మారలేదు. బస్తాలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే బెత్తెడు కిందికి దిగింది. యాసిడ్ పడి ఎడమ చేతి మూడు వేళ్లకు గోళ్లు లేవు. వయసు డెబ్బై ఒకటి, ఆధార్ కార్డులో అరవై. ఆ తప్పు ఎవరు చేశారో గానీ పుణ్యం కట్టుకున్నారు. భుజం ఇక లేవడం లేదని తెలిశాక ప్లాంటు ఇన్‌ఛార్జి చలపతిరావు అతన్ని తీసేయకుండా చేపల దగ్గర కూర్చోబెట్టాడు. చచ్చిన చేపను తీసి బొంద పెట్టడం, పటాన్‌చెరు మార్కెట్ నుంచి తెచ్చిన కొత్త చేపను వేయడం, అంతవరకే పని.

అంతకుముందు ఆ పని చేసినవాడు నాలుగేళ్లు చేశాడు. చేప మూడు రోజులకు చస్తే మూడు రోజులకు మార్చాడు, ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. వెంకటేశం మొదటి వారంలోనే అడిగాడు. కనిపించినవాళ్లందరినీ అడిగి విసిగించాడు. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ కొర్రమీను తీసుకుపొమ్మని చెప్పింది, అది పైకి వచ్చి గాలి మింగి బురదలోనైనా బతుకుతుందట. చలపతిరావుకు ఆ మాట నచ్చింది. వెంకటేశానికి నచ్చలేదు. గాలి మింగి బతికే చేప నీళ్ల సంగతి ఏం చెబుతుందని రవ్వ పిల్లలనే తెచ్చాడు.

తర్వాత ల్యాబ్ మీద పడ్డాడు. అక్కడి కెమిస్టు బ్యూలా, బీరంగూడలో ఉండే ఒక బడిపంతులు కూతురు, అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి. గాలి తొట్టిలోని నీటిచుక్కను సూక్ష్మదర్శినిలో పెట్టి చూపించింది. ఆ నల్లటి నీళ్లను శుభ్రం చేసేది యంత్రాలు కావు, కంటికి కనిపించని పురుగులు అని తెలిసిన రోజు అతను అన్నం సరిగా తినలేదు. ఆ పురుగులకు మేతగా రోజూ పొద్దున ఒక బస్తా బెల్లం, రెండు బకెట్ల పేడ నీళ్లు గాలి తొట్టిలో గుమ్మరిస్తారు. బర్రెకు దినమంతటి మేత ఒక్కసారే పెడితే ఏమవుతుందో అతనికి తెలుసు. అదే బెల్లాన్ని నాలుగు పూటలుగా కరిగించి పోద్దామని చలపతిరావుతో చెప్పాడు. ఖర్చులేని పని కనుక ఆయన నవ్వి సరేనన్నాడు. ఆ వారమే అద్దాల తొట్టిలో వేసిన తోక తెగిన రవ్వ మూడో రోజు చావలేదు. పదో రోజు చావలేదు. నెల దాటింది.

ముప్పై ఏళ్లకు పైగా ఈ కంపెనీలు అతని వీపును వాడుకున్నాయి. తలకాయతో చేసిన పని ఇదొక్కటే. దాన్ని తలుచుకుంటే డెబ్బై ఒకటో ఏట అతనికి సిగ్గూ గర్వమూ కలిసి వచ్చేవి. ఆ పొద్దున సద్ది కడుతూ కౌసల్యమ్మ, తన మీద లేని ప్రేమా పావురమూ ఆ చేప మీద ఉన్నాయని దెప్పింది. అతను కాదనలేదు.

తొమ్మిది దాటాక లోపల గొడవ మొదలైంది. కంపెనీ బోరు మోటారు కాలిపోయింది. ఎండాకాలం, క్యాంటీన్‌లో చుక్క నీళ్లు లేవు, మరుగుదొడ్ల దగ్గర బీహారు కుర్రాళ్లు ఖాళీ బకెట్లతో నిలబడి ఉన్నారు. చలపతిరావు ఫోన్లో ఎవరినో తిడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెంకటేశానికి ఇదేమీ పట్టలేదు. అతను చూస్తున్నది తొట్టిలో పడే ధారను. అది సన్నబడింది. బొట్లు బొట్లుగా పడింది. ఆగిపోయింది.

ఇంకొకరైతే అదీ ఆగిందని ఊరుకునేవారు. ఇతను లేచాడు. బోరుకూ ఈ ధారకూ సంబంధం ఉండకూడదు. సంపు వేరు, బోరు వేరు. చేత్తో పైపు తడుముకుంటూ తొట్టి వెనక్కి, అక్కడి నుంచి గోడ వెనక్కి పోయాడు. ఖాళీ డ్రమ్ముల సందున పైపు ఒకచోట తెగి ఉంది. సంపు వైపు కొసకు చెక్క బిరడా కొట్టి ఉంది. ఇటువైపు కొసకు ఆకుపచ్చ రబ్బరు గొట్టం తొడిగి, బిగుతుగా తీగ చుట్టి ఉంది. ఆ గొట్టం గోడ వెంబడే పోయి చేతులు కడుక్కునే నల్లా దగ్గర బోరు లైనులో కలిసింది.

ఈసారి అతను ఒక కన్ను మూసి చూడలేదు. అది చూడటానికి ఒక్క కన్ను చాలు, రెండూ చెప్పేది ఒకటే.

ప్లాంటు నడిపే మహేష్ పక్క ఊరివాడే. నలభై దగ్గర వయసు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వెంకటేశం అతని దగ్గరికి పోయి, గొట్టం ఎవరు తొడిగారని అడగలేదు. తీగ చుట్టిన పద్ధతి చూసినప్పుడే తెలిసిపోయింది.

"ఎన్ని దినాల సంది?" అని మాత్రం అడిగాడు.

మహేష్ చేతిలోని పానా కింద పెట్టాడు. "సంపుల మోటర్ పీకి కూలింగ్ టవర్‌కు పెట్టిండ్రు కాకా. నీళ్లు రాకుంటే చేప ఎట్ల బతుకుతది? ఇంకొక్కటి సచ్చినా నిన్ను తీసేస్తనని సారు అన్నడు. నాకు మనసొప్పలే."

"ఎన్ని దినాలంటున్న."

"గా తోక తెగింది వచ్చిన తెల్లారి సంది."

అంటే యాభై రెండు రోజులు. తాగే నీళ్లలో చేప బతికింది. బెల్లం నాలుగు పూటలు పోసినా ఒక్క పూట పోసినా అది బతికేదే. ఇంటింటికీ చెప్పుకున్న మాట, బ్యూలాకు చెప్పిన మాట, కౌసల్యమ్మ నిద్రపోయాక కూడా చెప్పిన మాట, అంతా ఒక రబ్బరు గొట్టం. మహేష్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. వెంకటేశం అతన్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. వేపచెట్టు కిందికి పోయి సద్ది విప్పాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. నములుతూ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. అతని జీవితంలో మోసాలు చాలా జరిగాయి. పొలం కొన్నవాడు చేశాడు, పదిహేనేళ్ల పీఎఫ్ ఎగ్గొట్టిన కాంట్రాక్టరు చేశాడు. వేటికీ ఇంత కడుపు మండలేదు. ఇది ప్రేమతో చేసిన మోసం, తిట్టడానికి కూడా లేకుండా పోయింది.

రెండో రొట్టె సగంలో ఉండగా చేయి ఆగింది. బోరు నీళ్లలో చేప బతికింది నిజమే. సంపు నీళ్లలో బతకదని మాత్రం ఎవరు చెప్పారు? ఈ యాభై రెండు రోజులూ బెల్లం నాలుగు పూటలు పడుతూనే ఉంది. పురుగులు తింటూనే ఉన్నాయి. నీళ్లు మారాయో లేదో ఎవరూ చూడలేదు, అంతే. తను ఓడిపోలేదు, అసలు పరీక్షే జరగలేదు. ముసలి మొహంలోకి రక్తం వచ్చింది. మిగిలిన రొట్టె కాకికి వేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేక లుంగీకి తుడుచుకుని, నేరుగా ల్యాబ్‌కు నడిచాడు.

చివరి సంపు నీళ్లు రోజూ పరీక్ష చేస్తారు కదా, ఎట్లా ఉన్నాయని బ్యూలాను అడిగాడు. ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, రెండు నెలలుగా ఆ సంపు నమూనా తన దగ్గరికి రావడం లేదని చెప్పింది. రిజిస్టరులో అంకెలు పైనుంచే వస్తున్నాయి. అయితే తను తెస్తే చేస్తావా అన్నాడు. తెమ్మంది. శుభ్రమైన గాజు సీసా ఇచ్చింది. ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలని, బురద కదలకుండా పైనీళ్లే పట్టాలని, బుడగ లేకుండా అంచు దాకా నింపి మూత పెట్టాలని చెప్పింది. అతను బడిపిల్లవాడిలా ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, "మంచిగ లేకుంటే మంచిగ లేవనే చెప్పు బిడ్డా. నా ముఖం సూసి చెప్పకు," అన్నాడు. ఆమె సరేనంది.

సంపు నోరు మనిషి పట్టేంత. పన్నెండు అడుగుల లోతు, గోడకు ఇనుప మెట్లు. పొద్దున్నే ట్యాంకరు నీళ్లు తోడుకుపోయింది, అడుగున మోకాలి లోతు మిగిలింది. తాడు కట్టి బకెట్ వేస్తే బురదే వచ్చింది, నల్లగా. రెండోసారి వేసినా అదే. పైనీళ్లు పట్టాలంటే చేత్తో ముంచాల్సిందే. మహేష్, పర్మిట్ లేకుండా, నడుముకు బెల్టు లేకుండా దిగొద్దన్నాడు. మొదటి గుంత దగ్గరైతే పుర్రె బొమ్మ బోర్డు ఉంది, అక్కడికి వెంకటేశం కూడా పోడు. ఇది చివరి సంపు. శుభ్రమైన నీళ్లు ఉండే చోటు. వెనకటి కాంట్రాక్టరు కింద రెండుసార్లు దిగి కడిగాడు కూడా. మహేష్ ఇంకా గట్టిగా అడ్డుపడాల్సింది. యాభై రెండు రోజులు మోసం చేసినవాడికి ఆ నోరు రాలేదు.

వెంకటేశం చెప్పులు విడిచి, సీసా బొడ్లో దోపుకుని, బాగున్న భుజం మీద బరువు వేస్తూ మెట్టుమెట్టుగా దిగాడు. మూడో మెట్టు దగ్గర కుళ్లిన గుడ్ల వాసన కొడుతోందని చెప్పాడు. మహేష్ పైకి వచ్చేయమన్నాడు. అతను ఆగి, ముక్కు ఎగపీల్చి చూశాడు. ఎప్పుడూ చేసే పనే అది, ఏదైనా ఒకటికి రెండుసార్లు చూడటం. ఇంకో మెట్టు దిగాడు, ఇంకొకటి. మళ్లీ పీల్చాడు.

"కంపు పోయిందిరా," అన్నాడు కింద నుంచి. గొంతులో సంతోషం స్పష్టంగా తెలిసింది. "ఇగ జెర్రంత సుత లేదు. మంచిగైనయి నీళ్లు."

ఆఖరి మెట్టు మీద నిలబడి వంగి, మూడుసార్లు సీసా కడిగాడు. నాలుగోసారి అంచు దాకా నింపి, మూత బిగించి, తాడుకు కట్టి లాగమన్నాడు. మహేష్ లాగాడు. సీసా పైకి వచ్చింది. దాన్ని అరుగు మీద పెట్టి మళ్లీ తొంగి చూసేసరికి వెంకటేశం మెట్టుకు చేయి తగిలించుకుని, తల గోడకు ఆనించి ఉన్నాడు. అలసట తీర్చుకుంటున్నాడనుకున్నాడు మహేష్. పిలిచాడు. రెండోసారి పిలిచేలోపు ఆ చేయి మెట్టు నుంచి మెల్లగా జారింది. నీళ్ల చప్పుడు పెద్దగా రాలేదు.

మహేష్ ఒక కాలు సంపులో పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుని, అరుస్తూ పరిగెత్తాడు. ఆ కాలు వెనక్కి తీయడం అతన్ని బతికించింది. అందుకు అతను ఎన్నటికీ తనను క్షమించుకోడు. మాస్కులూ బెల్టులూ ఉన్న గది తాళం చలపతిరావు దగ్గర ఉంది, చలపతిరావు మోటారు మెకానిక్ కోసం గేటు బయట ఉన్నాడు. పైకి తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

వాసన పోయిందన్నాడని మహేష్ వెక్కుతూ చెప్పినప్పుడు బ్యూలాకు సంగతి అర్థమైపోయింది. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ విషపు గాలి ఎక్కువైతే ముందు ముక్కును చంపుతుంది. వాసన ఆగిందంటే గాలి పోయినట్టు కాదు, మనిషి పోబోతున్నట్టు. పోయిన నవంబరులో భద్రతా శిక్షణలో ఆమే ఈ ముక్క బోర్డు మీద రాసి నలభై మందికి చెప్పింది. కాంట్రాక్టు మనుషులను ఆ శిక్షణకు పిలవలేదు. రోజుకు పది ప్రశ్నలు అడిగిన ముసలాయన ఈ ఒక్కటి అడగలేదు, తనకూ చెప్పాలని తోచలేదు. ఆమె ఏడ్చింది, కోపంతో ఏడ్చింది.

సాయంత్రం ఆస్పత్రి ఆవరణలో కౌసల్యమ్మను తెచ్చి కూర్చోబెట్టారు. కంపెనీ మనుషులు ఏదో కాగితం పట్టుకుని చుట్టూ నిలబడి, కాలుజారి పడ్డాడని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆమె వినలేదు. జనంలో మహేష్‌ను వెతికి దగ్గరికి పిలిచింది. ఆమె అడిగింది ఒకటే మాట.

"ఆఖరుకు ఏమన్నడు?"

మహేష్ నేల చూశాడు. "నీళ్లు మంచిగైనయన్నడు, చిన్నమ్మా."

ఆమె తల ఊపింది. "గట్లనే అంటడు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాటికి బోరు మోటారు బాగైంది. గొట్టంలో నీళ్లు వచ్చాయి, తొట్టిలో ధార పడింది, చేప బతికే ఉంది. ప్రమాదం మీద విచారణకు వచ్చిన ఇద్దరు అధికారులు సంపు చూసి, కాగితాలు రాసుకుని, వెళుతూ వెళుతూ చేపను ఫొటో తీసుకున్నారు. మహేష్ ఆ రోజు పనికి రాలేదు. తర్వాత కూడా రాలేదు.

అరుగు మీది సీసాను ఎవరూ పట్టించుకోలేదు. ప్రమాదం జరిగిన సాయంత్రమే బ్యూలా దాన్ని చున్నీ చాటున ల్యాబ్‌కు తెచ్చుకుని, తలుపు వేసి, మాట ఇచ్చినట్టే పరీక్ష చేసింది. ఆ నీళ్లలో ప్రాణవాయువు లేదు. రవ్వ చేప అందులో ఒక్క గంట నిలవదు. బెల్లం నాలుగు పూటలు పోసినా మారలేదు, బహుశా ఏం పోసినా మారదు. ముఖం చూసి చెప్పొద్దన్న మనిషికి ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉంది. వినడానికి అతను లేడు. రిజిస్టరులో ఆ నమూనాకు నంబరు లేదు కనుక ఎక్కడా రాయలేదు.

మిగిలిన నీళ్లను మాత్రం పారబోయలేకపోయింది. సంపులోకి దిగకముందే అతను వంకర అక్షరాలతో "సివరి సంపు, పై నీళ్లు, నేనే తీసిన" అని పెన్సిలుతో రాసిన కాగితం అంటించుకుని ఆ సీసా కిటికీ అంచు మీద ఉంది. కదిలించేవారు లేక నీళ్లు పైన తేటపడ్డాయి, అడుగున వేలెడు మందాన నల్లటి మడ్డి పేరుకుంది.